రాడ్డు ఎంచడంలో నా ఇంజనీరింగు

ఆమదాలవలస దగ్గర మా మేనమావకి ఓ రైసు మిల్లుండేది. అరవైల చివర్లో వడ్ల పొట్టు తీసే హల్లరు రెండోది పెట్టి, దాన్ని కూడా లాగడానికి పాతిక గుర్రాల ఆయిలింజను కొన్నాడు. ఆ ఇంజను సెకండు హ్యాండు. నా డిప్లమా సెకండు అటెంప్టు. జత కుదిరిందని మావ అనుకున్నాడు.

సరిగ్గా కోతల ముందు ఇంజనులో కనెక్టింగ్ రాడ్డు వంగిపోయింది. పిస్టను తోపుని క్రాంకుకి అందించేది అదే. పరుగులో విరిగిందంటే ఇంజను పొట్ట చీల్చుకుని బైటికొస్తుంది. ఇంకో ఇంజను కొనే తాహతు మావకి లేదు కాబట్టి, అదే జరిగితే మిల్లు మూతే. అందుకని ఇంకో రాడ్డు ఎంచే భారం నా మీద, మోసే భారం మిల్లు మేస్త్రీ మీద పెట్టి విజయనగరం పంపాడు.

పాత ఇనప సామాన్ల కొట్లో మాకు సరిపోయేవి రెండే దొరికాయి. ఒకటి నల్లగా, మొద్దుగా ఉంది. రెండోది సన్నగా, అద్దంలా తళతళలాడుతోంది. అందులో నా మొహం కూడా ఇంజనీరు మొహంలాగే కనబడింది.

"ఇదే," అన్నాను. "తేలిగ్గా ఉంటే వేగానికి తట్టుకుంటుంది. పుస్తకంలో ఉంది."

"ఇనుముకి ఇంత నునుపెందుకు బాబూ? ఏదో దాయడానికే రుద్దుంటారు," అంటూ మేస్త్రీ దాన్ని తాడుకి వేలాడదీసి సుత్తితో తట్టాడు. పగులు లేకపోతే గంటలా మోగాలట. కానీ ఆ వీధంతా ఇనప కొట్లే. అందరూ ఏదో ఒకటి బాదుతూనే ఉన్నారు. ఏ మోత మాదో, ఏది పక్కవాడిదో తెలీలేదు.

"ఆళ్ళు అన్నాలకి లెగుత్తారు. అప్పుడు తట్టి ఇందాం."

"రైలెళ్ళిపోతుంది మేస్త్రీ!" అన్నాను. నిజానికి నాకూ ఆకలేస్తోంది.

తళతళలాడేదే తెచ్చాం. మర్నాడు మేస్త్రీ దాన్ని కిరసనాయిల్లో కడిగి, గుడ్డతో తుడిచి, బిగించబోతుంటే పసుపు గిన్నెతో మా అత్త వచ్చింది.

"పసుపు రాయకుండా బిగించేస్తారేటి?"

నాగలి కర్రు వచ్చినా, కత్తిపీట వచ్చినా ఆవిడ పద్ధతి అదే. బొట్టుతో ఊరుకుందా, గడపకి పూసినట్టు ఈ చివర్నించి ఆ చివరికి పూసేసింది.

"అది యంత్రం అత్తా, పేరంటాలు కాదు."

"నువ్వూరుకోరా. నీ పరీచ్చకి రెండుసార్లు మొక్కిందాన్ని నేనే."

వర్జ్యం పోయేదాకా ఎండలో ఉంచమన్నాడు మావ. గంట తర్వాత పసుపు ఆరిందో లేదో చూడటానికి వెళ్ళిన అత్త కేకేసింది.

"ఒరే, ఇటు రండర్రా! దీనికి సెమట పడతన్నాదేటి?"

రాడ్డు మెడ దగ్గర, ఆరిన పసుపు మీద, వెంట్రుకంత సన్నగా ఒక నల్లటి గీత. పగుల్లోకి దిగిన కిరసనాయిలు ఎండకి మెల్లగా పైకి వచ్చి పసుపుని తడిపింది. మేస్త్రీ తుడిచాడు. కాసేపటికి మళ్ళీ ఊరింది.

"ఏట్రా అల్లుడూ?" అన్నాడు మావ.

"పగులు మావా. వద్దంటే వినకుండా తెచ్చింది నేనే."

"బిగించక ముందే సెప్పేవు. పోన్లే, తీసుకెళ్ళి మార్చుకు రా."

ఈసారి ఒక్కణ్ణే వెళ్ళాను. వీధి వీధంతా అన్నాలకి లేచేదాకా ఆకలితో కూర్చుని, నల్ల రాడ్డుని తట్టాను. ఖంగుమంది. కొట్టువాడు మార్చి ఇచ్చాడు గానీ మోయడానికి మనిషినివ్వలేదు. అది ఎంత గట్టిదో నా భుజానికి తెలిసింది.

ఇంజను మొదలెట్టే రోజున మావ నన్ను ముందుకి తోశాడు. "నువ్వెంచిన రాడ్డు. నువ్వే పక్కన నిల్సో."

"అబ్బే, ఇది ఎంచింది మేస్త్రీ, మావా!" అన్నాను వెంటనే. పరాయి గొప్ప ఒప్పుకోవడంలో నేనంత తొందరపడటం అదే మొదలు.

"అదేటి బాబూ, మోసుకొచ్చింది తవరు కాదేటి!" అంటూ మేస్త్రీ కూడా ఒకడుగు వెనక్కేశాడు.

మా మర్యాదలు తేలేలోగా ఇంజను అందుకుంది. రెండు హల్లర్లూ ఒక్కసారే ధాన్యం మింగడం మొదలెట్టాయి. బస్తాలతో వస్తున్న రైతులు, దారికడ్డంగా ఉన్నామని మా ఇద్దర్నీ కసిరారు.