గద్వాల నుంచి అమ్రాబాద్‌కి, అక్కకు షుగర్ ఉందేమో చూద్దామని

ముందే చెప్పేస్తాను, ఈ ప్రయాణం నేను అడవి చూడ్డానికి చేయలేదు. అసూయతో చేశాను. నాకు నలభై ఒకటో ఏట షుగర్ వచ్చింది, ఇప్పుడు నలభై తొమ్మిది. గద్వాలలో ఒక హైస్కూల్లో టీచర్ని. మా అక్క నాకన్నా ఆరేళ్లు పెద్ద. అమ్రాబాద్ దగ్గర ఒక పల్లెలో బావతో కలిసి నాలుగెకరాలు సాగు చేసుకుంటుంది. ఇంతవరకు రోజూ మింగాల్సిన మాత్ర అంటూ ఒక్కటీ లేదు. పెళ్లి భోజనాల్లో ఆమె నా పక్కనే కూర్చుని రెండో లడ్డూ కూడా తింటుంది, నేను మంచినీళ్లు తాగుతుంటాను. "పెద్దది చూడు, ఎంత గట్టిగున్నదో. చిన్నదే సదువుకోని రోగాలు తెచ్చుకున్నది" అంటారు చుట్టాలు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండిపోతుంది.

మా డాక్టరుది ఒకటే మాట: "మీ అమ్మకుంది, మీకొచ్చింది. రక్తంలోనే ఉందమ్మా." మా బడిలో సోషల్ చెప్పే సారు దానికి ఒప్పుకోడు. "రక్తం కాదు మేడం, బతుకు. కుర్చీలో పని, వేళకు లేని తిండి, బదిలీల బెంగ. రోగం అక్కణ్నుంచే వస్తుంది" అంటాడు. నాకు ఇద్దరి మీదా కోపమే. రక్తమే అయితే అదే కడుపున పుట్టిన అక్కకెందుకు లేదు? బతుకే అయితే నా పక్క కుర్చీలో కూర్చుని రోజుకు నాలుగు టీలు తాగే ఆ సారుకెందుకు రాలేదు? అక్కను ఒకసారి పరీక్ష చేస్తే తేలిపోతుందనుకున్నాను. తోబుట్టువులు కూడా చూపించుకోవాలని డాక్టరు ఎప్పటినుంచో అంటున్నాడు కాబట్టి సాకు కూడా ఉంది. నిజం చెప్పాలంటే అక్కకు కూడా ఉండాలనే కోరుకున్నాను. ఎక్కువేం కాదు, నాకున్నంత ఉంటే చాలు.

నవంబరులో ఒక శనివారం పొద్దున ఆరింటికి గద్వాలలో పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ కొడతారు, దారి పొడుగునా బస్సులకు నాకు పైసా ఖర్చు కాలేదు. సంచిలో బట్టల మధ్య గ్లూకోమీటర్, కొత్త సూదులు, స్ట్రిప్పుల డబ్బా, రెండు జొన్నరొట్టెలు. ఎర్రవల్లి చౌరస్తాలో ఇటిక్యాల వైపు కూలికి పోయే ఆడవాళ్లు దిగిపోయారు. కృష్ణ మీది బ్రిడ్జి దాటి పెబ్బేరు చేరేసరికి ఏడుంబావు. అక్కడ శనివారం పశువుల సంత. తరువాతి బస్సుకు గంట టైముంది కదా అని లోపలికి వెళ్లాను. దుమ్ము బాగా లేస్తుంది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోక తప్పదు.

ఒక ముసలాయన రెండెద్దులను అమ్మకానికి పట్టుకుని నిలబడ్డాడు. ఒకటి నిగనిగలాడుతోంది, రెండోదానికి డొక్కలు కనిపిస్తున్నాయి. "రెండూ ఒక్క ఆవు కోడెలేనమ్మా, ఏడాది తేడా" అన్నాడు.

"మరి ఇది గిట్ల బక్కగున్నదేంది?"

"మేం నాగలి ఎప్పుడూ ఎడమకే తిప్పుతం. బయటి దిక్కు తిరిగేది ఇదే. ఆరేండ్ల సంది దానికంటె ఎక్కువ నడిచింది."

"అయితే ఇదే గట్టిదన్నట్టు."

ఆయన నవ్వాడు. "గట్టిదా? అరిగిపోయిందమ్మా. కొనెటోడు ముందు దాని దిక్కే చూస్తడు."

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఆ ఎద్దు సన్నటి నడుము చూసి కూడా నాకు నా పొట్టే గుర్తొచ్చింది. అక్క కూడా అలా నడిచి నడిచే రోగం లేకుండా ఉందని, నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన చదువే నా కొంప ముంచిందని గొణుక్కుంటూ బస్సెక్కాను.

వనపర్తికి తొమ్మిదింటికి చేరాం. బస్టాండు దగ్గర చిన్న హోటల్లో నూనె లేకుండా దోశ వేయమని అడిగితే వంటాయన అట్లకాడ పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "నూనె లేకుంటే అది పెంకకే అతుక్కుంటది మేడం, మీ దాంక ఎట్లొస్తది?" అని, "షుగరా? మా ఇంటామెకు గూడ ఉన్నది" అంటూ ఒక్క చుక్క వేసి కాల్చి ఇచ్చాడు. నలభై రూపాయలు. ఎదురు బల్ల మీద ఒకావిడ ఇద్దరి పూరీలు ఒక్కతే తింటోంది. ఆవిడ మీద కూడా నాకు కుళ్లే.

వనపర్తి నుంచి గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్‌కి గంటన్నర. ఇక్కడే బాత్రూము, మంచినీళ్లు చూసుకోవడం మంచిది. పన్నెండింటికి అచ్చంపేట బస్సు, అక్కడ మారితే అమ్రాబాద్ బస్సు. మన్ననూరు ఘాట్ ఎక్కుతుంటే చల్లగాలి తగిలి చెవులు బిగుసుకున్నాయి. రెండున్నరకు అమ్రాబాద్‌లో దిగి ఆటో అడిగాను.

"పులిని చూడనీకి వచ్చిన్రా అమ్మా?" అన్నాడు ఆటో ఆయన.

"కాదు, మా అక్కను."

"అయితే ముప్పయి ఇయ్యండి. పులి కోసమొచ్చినోల్ల కాడ యాభై తీసుకుంట."

నేను వస్తున్నానని అక్క పత్తి చేను నుంచి ముందే ఇంటికి వచ్చేసింది. వేళ్ల చివర్లు పత్తికాయల మొనలు గీరుకుని నల్లగా ఉన్నాయి. పచ్చిపులుసు, పప్పు, చిక్కుడుకాయ కూర చేసింది. నేను రొట్టె తింటుంటే తను పళ్లెం నిండా అన్నం పెట్టుకుంది. ఇక రెండు గంటలు ఆగుదాం, ఈ అన్నం ఏమవుతుందో చూద్దాం అని లోపల లెక్క వేసుకున్నాను.

అయిదున్నరకు మిషను బయటికి తీశాను. బావ మంచం మీద కూర్చుని చినిగిన పత్తి సంచి కుడుతున్నాడు. నేను అడగకముందే అక్క సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి వేలు చాపింది. "ఎంతుంటే రోగమన్నట్టు?" అంది.

"రెండొందలు దాటితే ఉన్నట్టే" అన్నాను.

సూది గుచ్చాను. మిషను అయిదు సెకన్లు లెక్కపెడుతుంటే అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. పాపం భయపడుతోంది అనుకున్నాను. అంతలో అంకె వచ్చింది. నూట నాలుగు. అంత అన్నం తిన్నాక నూట నాలుగు! నాకు పొద్దున ఏమీ తినకముందు కూడా అంత మంచి అంకె వచ్చి ఏళ్లయింది. కడుపులో రగిలింది. ఆ మంటలోనే వాకిలి మొత్తం వినిపించేలా అన్నాను: "నీకేందక్కా! నూట నాలుగు! రాయి తీరుగున్నవు. నూరేండ్లు బతుకుతవు!"

అక్క నా మణికట్టు వదిలేసింది.

బావ సూదిదారం పక్కన పెట్టి సంతోషంగా నవ్వాడు. "నేను చెప్పలేదా మరదలా? పదిదినాల సంది నడుమంటది, మోకాళ్లంటది, కండ్లు తిరుగుతున్నయంటది. రోగమేం లేదు, ఉత్త అలుపు. కూలోల్లు దొరుకుతలేరు, ఇంక వారం దినాలు ఏరుడున్నది. సదువుకున్నదానివి, మంచి మాట చెప్పినవు." ఆయన చెడ్డవాడు కాదు. ఆ చేన్లో ఆయన కూడా అంతే వంగుతాడు, సాయంత్రానికి గోడ పట్టుకుని లేస్తాడు.

పొద్దు గూకుతుండగా ఇంటి వెనక అక్క గిన్నెలు తోముతుంటే నేను నీళ్లు పోస్తున్నాను. తల ఎత్తకుండా అడిగింది, "రెండొందలని చెప్తే నీదేం పోతుండెనే?"

"అబద్ధం చెప్పుమంటవా?"

"నడుము నొస్తుందంటే అందరికి నొస్తదంటడు. కండ్లు తిరుగుతున్నయంటే ఎండ అంటడు. అంకె చెప్తే నమ్ముతుండె. పక్కింటామెకు షుగరని తేలినంక ఎండల పనికి తోలుతలేరు. పొద్దుమీకి నడువుమని డాక్టరు చెప్పిండని చేతులూపుకుంట రోడ్డు మీద తిరుగుతది. నాలుగు దినాలు పండుకుందునే నేను గూడ."

నేను చెంబుతో ఇంకొన్ని నీళ్లు పోశాను. అక్కే మళ్లీ అంది, "నిన్ను జూస్తే నా కండ్లు మండుతయి తెల్సా? బడికి సెలవు పెడ్తవు. దవాఖానకు పోతవు. మాత్రలేసుకోని పండుకుంటవు. లేవు అని ఒక్కరన్నా అంటరా?"

ఎనిమిదేళ్లుగా నేను ఆమె మీద ఏడుస్తున్నాను. ఆమె కూడా అన్నేళ్లుగా నా మీద ఏడుస్తోందని నాకు తట్టనే లేదు. దీపం వెలుగులో ఆమె కింది రెప్ప లాగి చూశాను. తెల్లగా పాలిపోయి ఉంది. ఒంట్లో రక్తం తక్కువైతే అలాగే ఉంటుంది. నేను తెచ్చిన మిషను చక్కెరనే కొలుస్తుంది, ఆ సంగతి దానికి తెలియదు. తెలియని మాట కూడా తెలిసినట్టు వాకిట్లో అరిచింది నేను.

మర్నాడు పొద్దున బావతో చెప్పి చూశాను. "బావా, అక్కకు రక్తం తక్కువున్నట్టున్నది. నాగర్‌కర్నూల్ దవాఖానల పరీక్ష చేయిద్దాం, నాతోని పంపు" అన్నాను.

ఆయన తికమకపడ్డాడు. "నిన్ననే జూస్తివి గద, ఏం లేదని నువ్వే అంటివి గద మరదలా. పత్తి అయినంక తీస్కపోదువు." అక్క అప్పటికే నడుముకు పత్తి ఏరి వేసుకునే ఒడి కట్టుకుంది. నా వైపు చూడకుండా, "పత్తి అయినంక వస్తలే" అని చేనుకు బయలుదేరింది. వారం తర్వాత సెలవు పెట్టి మళ్లీ వస్తానని వెనకనుంచి అరిచాను. విన్నట్టు చెయ్యి ఊపలేదు.

తిరుగు ప్రయాణంలో ఎనిమిదింటి బస్సు దొరికింది. రక్తమా, బతుకా అన్న తగువులో ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు షుగర్ అమ్మ నుంచి వచ్చి ఉండొచ్చు, కుర్చీ నుంచీ వచ్చి ఉండొచ్చు. కానీ ఎవరు రోగి, ఎవరు గట్టిమనిషి అని తేల్చేది ఒంట్లో ఉన్నది ఒక్కటే కాదు. చేన్లో ఎంత పని మిగిలింది, కూలీలు దొరుకుతున్నారా, సెలవు ఉందా, ఎవరి మాట నమ్ముతారు, ఇవన్నీ కలిసి తేలుస్తాయి. నాకు నొప్పి లేకపోయినా నేను రోగినే. అక్క నడుము విరుగుతున్నా ఆమె రాయే, అలా అన్నది కూడా నేనే. ఇంత తెలిశాక కూడా ఆ నూట నాలుగు తలుచుకుంటే నాకు కుళ్లు పోలేదు, అది కూడా రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

మీరు కూడా ఇలా చుట్టాలింటికి మిషను తీసుకువెళ్లేట్టయితే ఒక్క సలహా. పరీక్ష నలుగురిలో చేయకండి, అంకె పైకి చదవకండి. సూది ఎవరి వేలికి గుచ్చారో వాళ్లకు ఒక్కరికే చూపించి, ఇంట్లో ఏం చెప్పమంటారో అడగండి.