మాస్టారి బోర్డు, కారు నెత్తిన కయాక్‌లు

డ్రైవింగ్ స్కూల్ మాస్టారి కారుకు రెండు బ్రేకులు. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలికింద, రెండోది పక్క సీట్లో కూర్చునే మాస్టారి కాలికింద. రెండోదే ఎక్కువ అరిగింది. పిల్లి అడ్డం వస్తే తొక్కుతాడు, వస్తుందేమోనని తొక్కుతాడు, రాకపోతే ఎందుకు రాలేదా అని తొక్కుతాడు. వీధిలో అందరూ ఆయన్ని బ్రేకు మాస్టారు అంటారు, అదీ ఆయన చెవిన పడేలాగే. ఆయనకేం కోపం లేదు. తన దగ్గర నేర్చుకున్నవాడెవడూ ఇంతవరకూ గోడని గుద్దలేదని గర్వంగా చెప్పుకుంటాడు.

"గుద్దాలంటే కారు కదలాలి కదా బావా!" అంటాడు బావమరిది.

అలాంటి మనిషి భార్యకు కయాక్‌ల పిచ్చి పట్టింది. కయాక్ అంటే ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో తోసుకుపోయే సన్నటి పడవ. ఆఫీసులో స్నేహితురాలు పిలిస్తే సరదాగా సరస్సుకి వెళ్లిన మనిషి, జుట్టంతా తడిసి, మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చింది. కొద్ది రోజుల్లోనే ఎవరో కొన్నాళ్లు వాడి అమ్మేస్తున్న కయాక్‌లు రెండు వరండాలోకి దిగాయి. ఒకటి ఎర్రది, ఒకటి పసుపుది.

"పసుపుది మీకు," అంది.

మాస్టారు పసుపుదానికి రెండడుగులు దూరంగా జరిగాడు. ఆయనకు నీళ్లంటే భయం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు కానీ ఇంట్లో అందరికీ తెలుసు. స్నానాల గదిలో బకెట్లోకి కూడా లోతు చూసినట్టే చూస్తాడు.

"వీటిని ఎక్కించి కట్టడానికి కారు మీదకి మంచి రాక్ ఒకటి చూడండి. ఆదివారం ఇద్దరం వెళ్దాం."

"రాక్ సంగతి నాకొదిలెయ్. నడిరోడ్డు మీద పడవ ఊడి ఎవడి నెత్తినో పడిందనుకో? తొందరపడితే ఎలా? బాగా చూసి తీసుకోవాలి."

ఆ బాగా చూడటంలోనే ఉంది మాస్టారి ఎత్తుగడంతా. రాక్ కుదరనంత కాలం పడవ ఎక్కే పని లేదు.

చూడటం మొదలుపెట్టాడు. షాపువాడు రూఫ్ మీద మెత్తటి దిళ్లు వేసి, తలుపుల్లోంచి పట్టీ లాగి కట్టే రకం చూపించాడు. "వానొస్తే నీళ్లు పట్టీ వెంబడే కార్లోకి దిగుతాయి," అన్నాడు మాస్టారు. రబ్బరు మూతులతో రూఫుని పీల్చి పట్టుకునే రకం చూపించాడు. "ఎండకి మూతి వదిలేస్తే దిక్కెవరు?" అన్నాడు. కయాక్‌ని బోర్లా పడుకోబెట్టే రకం తెచ్చాడు. అందులో రెండు పక్కపక్కన పట్టవు. చివరికి కొక్కెంలా వంపు తిరిగి, కయాక్‌ని పక్కకి ఒరగబెట్టి పట్టుకునే ఊయల్లాంటివి తెచ్చాడు. రెండూ హాయిగా పడతాయి, బరువు కూడా ఈ కారు రూఫ్ మొయ్యగలిగినంతే. మాస్టారికి వంక దొరకలేదు. ఇంటికెళ్లి చీపురు కర్ర నిలబెట్టి కొలుచుకుని వచ్చి, "షెడ్డు గుమ్మానికి తగులుతాయి," అన్నాడు.

"షెడ్డు బయటే ఎక్కించుకోండి సార్."

"వానొస్తే?"

"పడవలండీ అవి!" అన్నాడు షాపువాడు, ఏడుపు గొంతుతో.

ఆ సాయంత్రం భార్య కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండానే చెప్పింది. "ఈ ఆదివారానికి రాక్ పడకపోతే తమ్ముడి వ్యాన్లో వెళ్లిపోతా. పసుపుది వాడు నడుపుతాడు. ఇక మిమ్మల్ని అడగను."

వ్యాన్ సంగతి మాస్టారికి పట్టలేదు. చివరి మాట మాత్రం ముల్లులా దిగింది. పెళ్లైన కొత్తలో జెయింట్ వీల్ ఎక్కుదామని అడిగింది, వద్దన్నాడు. మళ్లీ అడగలేదు. కొండ ఎక్కుదామంది, సైకిళ్లు కొందామంది. ఒక్కోటీ ఒక్కసారే అడిగింది. అడగడానికి ఇక పెద్దగా ఏం మిగల్లేదని మాస్టారికి తట్టింది. తెల్లారగానే వెళ్లి వంపు ఊయలలూ, అవి బిగించే రెండు అడ్డకడ్డీలూ తెచ్చేశాడు. మళ్లీ వచ్చింది ఎవరో చూసి షాపువాడు ముందు లోపలికి పారిపోయాడు, కొంటానని అరిస్తే బయటికొచ్చాడు.

ఆదివారం పొద్దున్నే బావమరిది సాయానికొచ్చాడు. అక్కడే తిరకాసు పడింది. రూఫ్ ముందు భాగంలో ఈ పక్కనుంచి ఆ పక్కదాకా మాస్టారి బోర్డు ఉంది: 'శిక్షణలో ఉన్న వాహనం. దూరంగా ఉండండి.' స్కూల్ పెట్టిన రోజున బిగించింది, మళ్లీ దిగలేదు.

"కడ్డీలు ఎంత ఎడంగా ఉంటే అంత మంచిది బావా. ముందుది సరిగ్గా ఇక్కడ రావాలి. బోర్డు తీసేద్దాం."

"దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. అది లేకపోతే ఎవడైనా వెనకనుంచి వచ్చి గుద్దేస్తాడు. రెండూ బోర్డు వెనకే పెట్టు."

"దగ్గరగా పెడితే తక్కెడలా ఊగుతాయి."

"నాకు పాఠాలు చెప్పకురా!"

పెట్టారు. కయాక్‌లు ఎక్కించారు, పట్టీలు బిగించారు. ముక్కుకీ తోకకీ తాళ్లు కట్టబోతుంటే, ముందు వీధి చివరిదాకా వెళ్లి చూద్దామన్నాడు మాస్టారు. భార్య స్టీరింగ్ పట్టుకుంది. ఆయన అలవాటుగా పక్క సీట్లో కూర్చున్నాడు. కారు నాలుగిళ్లు దాటిందో లేదో, గేటు దగ్గర ఎవరిదో చెప్పు కనిపించింది. మాస్టారి కాలు దాని పని అది చేసుకుపోయింది.

కారు ఆగింది. కయాక్‌లు మాత్రం ఒక్కసారిగా తోకలు లేపి, ముక్కులు వంచి, బోర్డు మీద ఠంగుమని కొట్టాయి. పట్టీలు పట్టి ఉంచాయి కాబట్టి సరిపోయింది.

"మాస్టారూ, పడవలు మీకు దణ్ణం పెడుతున్నాయండీ!" అని మేడ మీంచి ఎవరో అరిచారు. వీధంతా ఒకటే నవ్వు.

భార్య నవ్వలేదు, తిట్టనూ లేదు. కారుని వెనక్కి తెచ్చి ఆపి, దిగి, పసుపు కయాక్ పట్టీ విప్పడం మొదలుపెట్టింది.

"అక్కా, వ్యాన్ తీసుకురానా?" అన్నాడు బావమరిది, గొంతు తగ్గించి.

తిట్టి ఉంటే మాస్టారు ఎదురు తిట్టి గెలిచేవాడు. ఇప్పుడు బోర్డు వంక చూశాడు. "వ్యాన్ వద్దు, గియ్యాన్ వద్దు," అన్నాడు. "స్పానర్ ఇలా ఇవ్వు."

బోల్టులు తుప్పు పట్టి మొరాయించాయి. చెమటలు కక్కుతూ ఆయనే విప్పాడు, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. బోర్డు కింద కారు కొన్ననాటి రంగు నిగనిగలాడుతూ బయటపడింది. ముందు కడ్డీ సరిగ్గా అక్కడ కూర్చుంది, వెనకది వెనక్కి జరిగింది. గాలికి రొద చెయ్యకుండా పట్టీలకి ఒక్కో మెలిక వేశారు. ముందూ వెనకా తాళ్లు కట్టారు. మాస్టారు పసుపు కయాక్‌ని పట్టుకుని ఊపితే అది ఊగలేదు, కారు ఊగింది.

"అదీ కట్టడమంటే!" అన్నాడు, మొదట్నుంచీ తను మొత్తుకుంటున్నది అదే అన్నట్టు. బావమరిది ఏదో అనబోతే అక్క కళ్లెర్రజేసింది.

సరస్సు దగ్గర మాస్టారు లైఫ్ జాకెట్ ఎంత బిగించుకున్నాడంటే ఊపిరి కూడా వాయిదాల మీద పీల్చాల్సి వచ్చింది. ఇంకొకటి పైన వేసుకోవడానికి అడిగాడు, అక్కడివాళ్లు ఇవ్వలేదు. కళ్లు మూసుకుని పసుపు కయాక్‌లో కూర్చుని కాళ్లు చాపాడు. పాదాలకు గట్టిగా ఏదో తగిలింది. కళ్లు తెరిచి చూస్తే లోపల రెండు పక్కలా రెండు పెడల్స్!

"ఏమోయ్, ఇవి బ్రేకులేనా?"

ఎర్ర కయాక్‌లోంచి భార్య వెనక్కి తిరిగి చూసింది. అవి కాళ్లు ఆనించుకునేవని చెప్పబోయి మానుకుంది.

"అవునండీ, రెండూ మీవే. తొక్కి పట్టుకుని తెడ్డెయ్యండి."

రెండు కాళ్లతో తొక్కి పట్టాడు. తెడ్డేశాడు. పడవ ఆగలేదు. ఒడ్డు వెనక్కి జరిగింది, తోడొచ్చి ఒడ్డునే నిలబడ్డ బావమరిది చిన్నవాడైపోయాడు. పక్కనే ఎర్ర కయాక్ వచ్చి కలిసింది.

"వచ్చే ఆదివారం..." అని మొదలుపెట్టి, ఎందుకో ఆగిపోయింది భార్య.

"ఊఁ, అడుగు," అన్నాడు మాస్టారు, నీళ్ల వైపు చూడకుండా, పెడల్స్ మీంచి కాలు తియ్యకుండా. "అడుగుతూ ఉండు."