ఎమ్మిగనూరు పెళ్ళికి ఆదోని చీర

ఒకప్పుడు ఎమ్మిగనూరులో పెళ్ళి కుదిరిందంటే, ముందు పెళ్ళిచీర మీద నా చెయ్యి పడాల్సిందే. ఆదోని బజారులో నా అంగడి పరుపు మీద కూర్చోకుండా ఆ ఊరివాళ్ళు తాళిబొట్టు కూడా చేయించుకునేవాళ్ళు కాదు.

సరే, అంగడి నాది కాదు. ముందు పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపే గుమాస్తాను. ఎమ్మిగనూరు మొత్తం కాదు, నన్ను వెతుక్కుంటూ వచ్చేది మా అక్క వీధివాళ్ళే. అయినా యాభైల మొదట్లో రైలెక్కాలన్నా, పెద్ద డాక్టరుకు చూపించుకోవాలన్నా, పెళ్ళిబట్టలు తీయాలన్నా వాళ్ళందరికీ ఆదోనే దిక్కు. ఇందులో మాత్రం కోతల్లేవు.

అక్క కూతురికి రాయచూరు సంబంధం కుదిరింది, పెళ్ళీ అక్కడే. "చీర నీ అంగట్లోనే తీసుకుంటాం లేరా" అంది అక్క. ఆ మాట పట్టుకుని, ఉన్నవాటిలో మంచి ఎర్రచీర పక్కన పెట్టాను. బేరం తెగాక కొంగు మూలన పసుపు పెట్టి ఇవ్వడం మా అంగడి పద్ధతి. పసుపు పడ్డ చీర ఇక ఇంకొకరికి చూపకూడదు. నేను బేరానికి ముందే పెట్టేశాను. రాబోయేది మా అక్కే కదా!

వచ్చారు. బస్సు దిగారు, ట్రంకుపెట్టెలు దించారు, జట్కా ఎక్కుతున్నారు. పరుగెత్తాను.

"అంగడి ఇటుంటే అటు పోతాండారేంది?"

"రాయచూరు బండికి టైమయిందప్పా. బట్టలు మా ఊర్లోనే తీసుకుంటిమి. వీధి మొదట్లోనే కొత్తగా అంగడి పెట్టినారు" అంది అక్క.

"మరి నాకిచ్చిన మాట?"

అక్క జట్కా ఎక్కి కూర్చుంది. మగ్గం నేసే మా బావ నవ్వుతూ, "స్టేషనుకు రా బామ్మర్దీ, కాపీ తాగుదాం" అన్నాడు.

నేను పోలేదు. జట్కా మలుపు తిరిగేదాకా జిన్నింగు మిల్లు దూది కళ్ళలో పడుతున్నా అక్కడే నిలబడ్డాను. తోడబుట్టినదానికే ఆదోని రైలెక్కే చోటైపోయాక, ఇక పరాయివాళ్ళను ఏమనాలి?

యజమాని ఆ పసుపు చూశాడు. చీర నా ఖాతాలో రాసి నా చేతిలో పడేశాడు. మర్నాటి నుంచి ముందు పరుపు మీద ఇంకొకణ్ణి కూర్చోబెట్టి, నన్ను వెనక గోదాముకు తోశాడు. బస్సు హారను వినిపించినప్పుడల్లా అలవాటుగా లేవబోయి, మళ్ళీ మూటల మధ్యే కూలబడేవాణ్ణి. ఆ చీర పెళ్ళికి తీసుకుపోయి మేనకోడలి ఒడిలో పెట్టాను. అక్కతో మాత్రం మాట్లాడలేదు.

ఇప్పుడు మాట్లాడుకుంటాం లెండి. నిన్న ఇదంతా రాసి అక్కకు చదివి వినిపించాను. కళ్ళు సరిగా ఆనకపోయినా ఆమెకు చెవులు బాగానే పనిచేస్తాయి.

"మాట తప్పినానంట, మాట! ఆ ఎర్రచీర యాడ నేసినారో రాయలేదేం? మా మగ్గం మీద మీ బావ నేసిందే గదరా అది. మా ఇంట్లో మగ్గం దిగిన చీర బస్సెక్కి మీ ఆదోనికి పోతే, దాన్ని కొనేదానికి మేము ఇంకో బస్సెక్కి రావాల్నా?"