రాజోలు కాలవ గట్టున బంగళా

రాజోలు కాలవ గట్టున కడుతున్న బంగళాకి నడుమ కప్పు లేదని ధవళేశ్వరం కచేరీకి కబురు వచ్చింది. ఆనకట్ట పూర్తయి, కాలవలు దిగువకి సాగుతున్న రోజులవి. తనిఖీకి వెళ్ళే దొరలు దిగడానికి గట్ల మీద అక్కడక్కడ బంగళాలు లేస్తున్నాయి. మా ఇంజనీరు దొర నన్ను పిలిచి చెప్పింది క్లుప్తమే. వెళ్ళి చూడాలి. బంగళా అనిపిస్తే ఉంచాలి, లేకపోతే పడగొట్టించాలి. పడగొడితే దానితోపాటు, పడవలు దాటించే లాకుల కాపలావాళ్ళ ఇళ్ళ పని కూడా రాజోలు మేస్త్రి చేతినుంచి తీసి రాజమండ్రి వాళ్ళకి ఇస్తారు. నిర్ణయం నాదే. చెన్నపట్నంలో సర్వే, కట్టడాల చదువు ముగించి వచ్చాక ఒంటరిగా నాకప్పగించిన మొదటి పని ఇది.

సామాను తక్కువే పెట్టుకున్నాను. కొలత గొలుసు, తూకం గుండు, మట్టపు బద్ద, చాప, చెంబు, మూటెడు అటుకులు. పొద్దున ఆరింటికి రేవులో గూడు పడవ ఎక్కాను. ఆ దారిన వెళ్ళదలచినవారు పడవ కుడి పక్కన చోటు చూసుకోవడం మంచిది. మధ్యాహ్నం దాకా ఎండ తగలదు. గోదావరి దాటి బొబ్బర్లంక లాకులోంచి కాలవలో దిగాక తెడ్లతో పని లేదు. ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగుతారు.

నా ఎదురుగా తెల్ల గడ్డంతో ఒక పెద్దాయన కూర్చున్నారు. కలకత్తాలో చాలాకాలం దొరలకి హిందూస్తానీ నేర్పి, ఇప్పుడు అమలాపురంలో కూతురి దగ్గరికి వెళుతున్న మున్షీ. పడవలో అందరూ ఆయన్ని మున్షీగారనే పిలుస్తున్నారు. నా పని విని నవ్వేరు.

"బంగళాని తేల్చడానికి వెళ్తున్నారన్నమాట. ఇంతకీ బంగళా అంటే ఏమిటండీ?"

"దొరల ఇల్లు. ఇంగ్లీషు మాట కదండీ."

"ఆయ్, వాళ్ళ నోట విన్నారు కాబట్టి వాళ్ళదే అనుకుంటున్నారు. అది హిందూస్తానీ మాటండీ. బంగ్లా అంటే బంగాళాది, అదే కలకత్తా వైపు సీమది, అని. అక్కడి పల్లెల్లో రైతుల పాకలు అలా ఉంటాయి. వెదుళ్ళు వంచి కప్పు నడుమ ఎత్తుగా లేపుతారు. అంచులు కిందికి వాల్తాయి. ఎంత వాన కొట్టినా చుక్క నిలవదు."

"మరి ఈ పెద్ద గదులూ, చుట్టూ వసారా?"

"దొరలు మొదట్లో వచ్చినప్పుడు వాళ్ళకి తలదాచుకోడానికి అక్కడి వాళ్ళు కట్టిచ్చింది ఆ పాకేనండీ. తరవాత గదులు పెంచేరు, వసారా తిప్పేరు, పేరు మాత్రం అదే ఉంచేసేరు. మీ దొరగారితో అనకండేం, రైతు పాకలో పడుకుంటున్నారని."

లొల్ల లాకుల దగ్గర ఆయన అమలాపురం వెళ్ళే పడవలోకి మారిపోయారు. నేను కొత్తపేటలో దిగి పూటకూళ్ళ ఇంట్లో భోంచేశాను. అరటిదూట కూర, పప్పుచారు, గడ్డ పెరుగు. అక్కడ కడుపు నింపుకునే కదలడం మేలు, ఆ తరవాత రాజోలు దాకా కుదురైన తిండి దొరకదు.

మర్నాడు పొద్దెక్కాక గన్నవరం చేరాం. అక్కడ కాలవ వైనతేయ నది మీదుగా, రాతి కమానుల మీద సాగుతుంది. పడవ అంచున కూర్చుని కిందికి చూస్తే నది, అందులో మరో పడవ. మా పడవ నడిపే సరంగు ఆ పడవవాళ్ళని కేకేసి, "పైనున్నాం, జాగర్తగా పోండర్రా" అన్నాడు. నాకు ఆ కమానులని కొలవాలనిపించింది గాని దిగలేదు.

రాజోలు దగ్గర బంగళా కాలవలోంచే కనపడింది. గోడలు తిన్నగా ఉన్నాయి. చుట్టూ వసారా స్తంభాలు వరసలో ఉన్నాయి. లోపలికి వెళ్ళాక సంగతి అర్థమైంది. నాలుగు పక్కలా గదులు, నడుమ నాలుగు స్తంభాలు, వాటి మధ్య ఆకాశం. గదుల మీద కప్పు వాసాలు సగం బయటికి, సగం లోపలికి వాలి ఉన్నాయి. పడిన వాన నడుమ గుంటలో దిగి తూములోంచి బయటికి పోతుంది. కోనసీమలో కలిగినవాళ్ళ ఇళ్ళన్నిటికీ ఉండే మండువా.

మేస్త్రి సూరయ్య ఏభై దాటిన మనిషి. నన్ను చూసి తడబడలేదు. పటం తెచ్చి పరిచేడు. చెన్నపట్నంలో గీసిన ఆ పటంలో నడిమి హాలు ఒట్టి చదరంగా ఉంది. చుట్టూ గదులుండి నడుమ ఖాళీగా చదరం ఉంటే, ఇక్కడ ఏ మేస్త్రీ దాన్ని మండువా అనే అనుకుంటాడు.

"ఇది హాలు, సూరయ్యగారూ. పైన మూసెయ్యాలి."

"మూసేస్తే వెలుతురెలాగండీ? గాలెలాగండీ? మా తాతల కాడినుంచీ నడుమ మూసిన ఇల్లు మేం కట్టలేదండీ. వానొస్తే లోపలున్నోళ్ళకి తెలియొద్దా?"

"వసారాలోకి వచ్చి చూస్తారు."

"ఆయ్. దొరగారు వాన చూడ్డానికి లేచి రావాలన్నమాట."

చుట్టూ ఉన్న కూలీలు నవ్వేరు. నేనూ నవ్వాను. తరవాత నేను వచ్చిన పని చెప్పాను. నడుమ మూయకపోతే ఇది పడగొట్టాలనీ, లాకు ఇళ్ళ పని కూడా పోతుందనీ అనగానే నవ్వు ఆగిపోయింది. సూరయ్య పటం చుట్టేసి, "పడగొట్టించండి. దొరగారి సరదా కోసం నా చేత్తో ఇల్లు చెడగొట్టను" అన్నాడు.

మధ్యాహ్నమంతా కొలిచాను. గోడలకి, వసారాకి వంక పెట్టడానికి లేదు. లోపలికి వాలిన వాసాలు తీసేసి, నడిమి స్తంభాలకి పైన తాడి దుంగలు అతికి ఎత్తు పెంచితే, వెలుపలి వాసాలని నాలుగు వైపులనుంచీ ఆ ఎత్తు మీదికే తీసుకుపోవచ్చు. అప్పుడు వాన అంతా బయటికే పోతుంది. మొన కింద రెండు పక్కలా జాగా వదిలితే వేడిగాలి పైకి పోతుంది, వెలుతురూ దిగుతుంది. వసారా ఇసకలో పుల్లతో గీసి సూరయ్యని పిలిచాను. నిలబడే చూశాడు.

"ఇది దొరల సరదా కాదండీ," అన్నాను. "బంగాళాలో రైతు ఇల్లు ఇలా ఉంటుందట. వాళ్ళదీ మనలాగే ఏటి పాయల మధ్య నేల, మనలాగే వానలు."

"రైతుదా?"

"రైతుదే. దొరలు దాన్నే పెంచి వాడుకుంటున్నారు."

సూరయ్య చతికిలబడి గీత మీద వేలు నడిపించాడు. "మరి గోడలు మట్టివాండీ, ఆళ్ళయి?"

"వెదురుతడికలూ మట్టీ అనుకుంటాను. నేను చూడలేదు."

"చూసినోడెవరు?"

పడవలో కలిసిన మున్షీగారి మాటలు మొత్తం చెప్పాను. వింటూ నా గీత చెరిపి మొనని ఇంకొంచెం పైకి గీశాడు. "తాటాకుకి ఈ వాలు చాలదండీ, ఇంత ఉండాలి. అక్కడి రైతుకి తాటాకు లేదేమో." కూలీలకేసి తిరిగి, "రేపు పొద్దున్నే లోపలి వాసాలు దింపండర్రా" అన్నాడు. ఆ వెంటనే నాకు తూము చూపించి, "దీన్ని మాత్రం మూయనండి. హాలు కడిగితే నీళ్ళు పోవద్దా?" అన్నాడు. ఒప్పుకున్నాను.

మర్నాడు వాసాలు దింపడం దగ్గరుండి చూసి, పడగొట్టనక్కర్లేదని కచేరీకి కాగితం రాసుకుని తిరుగు పడవ ఎక్కాను. మామిడికుదురు దగ్గర కొబ్బరికాయల గంపతో ఎక్కిన ఒకావిడ నన్ను చూడగానే గుర్తుపట్టింది. నిన్న గట్టు మీద నేను గొలుసు లాగుతుంటే చూసిందట.

"రాజోల్లో ఆ దొరల ఇల్లు పడగొట్టేస్తున్నారటగా బాబూ?"

"లేదమ్మా. కప్పు మారుస్తున్నారు, అంతే."

"మళ్ళీ దొరల పద్ధతిలోనా?"

"బంగాళా రైతుల పద్ధతి. పైన తాటాకూ, కింద తూమూ రాజోలువి."

"అయితే దొరలదేముందీ అందులో?"

"అద్దె లేకుండా దిగడం," అన్నాను.

ఆవిడ నవ్వి గంప సర్దుకుంది. గన్నవరం కమానుల మీదికి పడవ ఎక్కుతోంది. ఈ ప్రయాణంలో నాకు తేలింది ఒక్కటే. ఇల్లు ఒక చోటునుంచి ఇంకో చోటికి పేరుతో సహా వెళుతుంది, వెళ్ళిన చోటి మేస్త్రి ఒప్పుకుంటేనే నిలబడుతుంది. రాజోలులో ఒప్పుకున్నాడు. అక్కడ నిలిచింది బంగళాయే అని ఎవరడిగినా చెప్పగలను.