వంతగాడి కొడుకు

నేను టెనర్‌ని. మగగొంతుల్లో పైస్థాయి పాడేవాణ్ని అలా అంటారు. ఒపెరాల్లో, మ్యూజికల్స్‌లో పాడి బతుకుతున్నాను. శంషాబాద్ పక్కన మా ఊరు సాతంరాయిలో ఈ మాట చెబితే "గదేం పని రా?" అంటారు. అననీ. అత్తాపూర్‌లో కిరాయికి ఉన్నప్పుడు పైవాటా వాళ్లు నా సాధన భరించలేక ఇల్లు ఖాళీ చేయించారు. అప్పట్నుంచి కొత్వాల్‌గూడ చేలల్లో, నెత్తిమీదుగా దిగే విమానాలతో పోటీపడి పాడుకుంటున్నాను. గొంతు గట్టిపడింది అక్కడే. ఆ పైవాటా వాళ్లకు వెయ్యి దండాలు.

మా బాపు రైతు. వయసులో ఉండగా ఊరి యక్షగానంలో వంత పాడేవాడు. వేషగాడు చివరి చరణం పాడి ఆపగానే వెనకనుంచి దాన్ని అందుకుని మళ్లీ పాడటం వంతగాడి పని. అందుకోకపోతే వేషగాడి పరువు పోయినట్టే.

మొన్నామధ్య శంషాబాద్‌లోనే ఒక హాల్లో ఇటాలియన్ ఒపెరా వేశాం. రెండు రోజుల ఆట, నాది ముఖ్య పాత్ర. బాపును మొదటిసారి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాను. నా పెద్ద పాటలో చివరి పంక్తి ఎత్తి వదిలానో లేదో, కిందనుంచి బాపు అందుకున్నాడు. ఆ భాష ఒక్క ముక్క రాదు. శ్రుతి మాత్రం తప్పలేదు. హాలంతా నవ్వింది, వాద్యాలవాళ్లు తడబడ్డారు.

ఆట అయ్యాక డైరెక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"రేపు మీ నాన్నగారిని తీసుకురాకండి. వస్తే మీకు ఈ వేషం ఉండదు," అంది మర్యాదగానే.

"ఆయన కూర్చోకపోతే నేను పాడను. వేరే టెనర్‌ని చూసుకోండి," అన్నాను.

ఒక్కరోజులో ఆ స్వరం ఎత్తే మనిషి దొరకడని ఇద్దరికీ తెలుసు. చివరికి ఆయన నోరు మెదపకూడదన్న షరతు మీద ఒప్పుకుంది. నేనూ తలూపాను. అదే నేను చేసిన తప్పు.

బాపు రానంటే రానన్నాడు. "నాతోటి నీ పని పోతది బిడ్డా. ఏం జెయ్యాలె, నోరు ఆగలే."

"నువ్వు రావాలె బాపు. సప్పుడు జెయ్యకుంట కూసుంటే సాలు," అన్నాను.

వచ్చాడు. నా పాట మొదలవగానే తువాల మడిచి నోట్లో కుక్కుకున్నాడు. చివరి పంక్తి వదిలాను. ఎవరూ అందుకోలేదు. చప్పట్లు మోగాయి. బాపు మాత్రం తప్పు చేసినవాడిలా తల దించుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. డైరెక్టరమ్మ మీద కాదు, నా మీద.

వంగి దండం పెట్టాల్సిన చోట పెట్టలేదు. ముందుకొచ్చి, వాద్యాలు లేకుండానే ఆ పంక్తి మళ్లీ పాడి, "బాపూ, అందుకో!" అన్నాను.

తువాల తీసి, లేచి నిలబడి అందుకున్నాడు. కొందరు నవ్వారు. మేం ఇంకోసారి పాడాం.

డైరెక్టరమ్మ ఆ తర్వాత నన్ను పిలవలేదు. పిలవకపోతే మానె. మా బాపు నోట్లో గుడ్డ కుక్కి తెచ్చుకునే వేషం నాకొద్దు.