చింతచిగురు రొయ్యలు మా అమ్మ వంట కాదు

చింతచిగురు రొయ్యలు మా అమ్మ వంట కాదు. ఈ ఒక్క ముక్క ముప్పై ఏళ్ళ కిందట దోహాలో చెప్పవలసినవాణ్ణి, చెప్పలేదు. పోయిన వారం మా అమ్మాయి దోహా పక్కనున్న అల్ వుకైర్ నుంచి ఫోన్ చేసి, దోహా చర్చిలో మన పాత కూటం పెద్దావిడ ఒకరు ఇప్పటికీ "మీ నానమ్మ చింతచిగురు రొయ్యలు" అంటూ తలుచుకుంటున్నారనీ, అవెలా చేస్తారో చెప్పమనీ అడిగింది.

తొంభైల మొదట్లో మేము దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. శుక్రవారం సెలవు కనుక ప్రార్థన కూటం ఆ రోజే, అది ముగిశాక ఇంటికో గిన్నె చొప్పున తెచ్చుకుని అందరం కలిసి తినేవాళ్ళం. మా ఆవిడ సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చుకున్న ఎండు చింతచిగురును అరచేతుల్లో నలిపి, రొయ్యల్లో నీరు ఇగిరే సమయం చూసి చల్లేది. ఎంత వెయ్యాలో కొలతేమీ లేదు. వాళ్ళమ్మ పక్కన నిలబడి వాసన పట్టి నేర్చుకుంది, వాళ్ళమ్మేమో తన తల్లి పక్కన, అంటే మా ఆవిడ అమ్మమ్మ పక్కన నిలబడి నేర్చుకుంది. ఆ అమ్మమ్మ గోదావరి జిల్లాలో కలిగినవారి ఇళ్ళలో వంటమనిషి.

ఒక శుక్రవారం మా మేనేజరు, మా జిల్లా ఆయనే, రెండోసారి వడ్డించుకుంటూ "ఎవరి దగ్గర నేర్చావమ్మా ఇది?" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే "మా అమ్మ దగ్గరండీ" అనేశాను, వంటమనిషి మనవరాలని తెలిస్తే ఆయన దగ్గర నా విలువ ఎక్కడ తగ్గుతుందోనని. "అత్తగారే గురువన్నమాట, అదృష్టవంతురాలివి!" అని ఆయన నవ్వితే అందరూ నవ్వారు. ఇంటికొచ్చే దారిలో మా ఆవిడ ఒక్కటే అడిగింది.

"మీ అమ్మగారు రొయ్య తల తీయడం కూడా నేనెరగను. మా అమ్మమ్మ పేరు చెబితే మీకు అన్నం అరగదా?"

"పోనిద్దూ" అన్నాను.

ఆమె పోనివ్వలేదు, ఆ కూర మళ్ళీ వండలేదు. వాళ్ళమ్మ ఏటా పంపే చిగురు పప్పులో పడేది. అమ్మాయి ఎదిగి నేర్పమంటే, "అది మీ నానమ్మ వంటట, నాకేం తెలుసు" అనేది, పక్క గదిలో నాకు వినబడేలాగే. అప్పుడైనా లేచి వెళ్ళలేదు. తరవాత మా అత్తగారు పోయారు, నిరుడు మా ఆవిడా పోయింది. దోహాలో ఇప్పుడు తాజా చింతచిగురే దొరుకుతుందట, ఫోన్ తెరిస్తే వంద వంటలు కనిపిస్తాయి, వాటిలో ఏదీ అది కాదు. ఏళ్ళ తరబడి పక్కనే ఉండి, తినడమే తప్ప ఆ పొయ్యి వైపు ఒక్కనాడూ చూడలేదు నేను.

అమ్మాయికి ఇదంతా చెప్పాను. అది మీ అమ్మ వాళ్ళ అమ్మమ్మ వంట అని ఆ పెద్దావిడకి చెప్పమన్నాను. "అమ్మతో ఎప్పుడైనా అన్నారా నాన్నా, తప్పయిందని?" అంది.

"లేదు తల్లీ. నీ చేతికి రావలసినదాన్ని నేనే రానివ్వలేదు. ఆమెకి చెప్పుకోలేకపోయాను, నీకు చెబుతున్నాను, నన్ను క్షమించు" అన్నాను.