మామ్మ దువ్విన కుక్క

మా పక్కింటి మామ్మ పోయిన నెలలో చనిపోయింది. ఆమె గురించి ఇప్పుడే రాయాల్సి వచ్చింది, ఎందుకంటే వచ్చే నెల మొదట్లో నేను ఉద్యోగానికి కటక్ వెళ్తున్నాను. హాస్టల్లో కుక్కని ఉండనివ్వరు. ఆమె కుక్కని దువ్వడానికి ఇక్కడ ఇంకొక చేయి కావాలి.

మన రైల్వే పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా వరండాకి ఆనుకునే మామ్మ వరండా. మా ఇంట్లో మొదట చదువుకున్నది నేనే. పాఠం అప్పజెప్పడానికి ఇంట్లో ఎవరూ లేక, పుస్తకం పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళేదాన్ని. సాయంత్రం రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగగానే ఆమె చాప పరిచేది. ఆమె పెంచుకునే తెల్లటి లాసా జాతి కుక్క వచ్చి పక్కకి వాలిపోయేది. నేను చదువుతుంటే ఆమె దువ్వేది.

“ఈ జాతికి బొచ్చు రాలదే గుంటా. ఊడిందంతా లోపలే సుట్టుకుంటాది. పైపైన దువ్వితే ఏటవుద్ది? తోలు కనపడాల.”

చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద పాయలు విడదీసి మరీ దువ్వేది. ముడి తగిలితే లాగేది కాదు. బొచ్చు మొదలు వేళ్ళతో పట్టుకుని, చివర నుంచి మెల్లగా విప్పేది. చాప మీద రెండుసార్లు తడితే కుక్క రెండో పక్కకి తిరిగేది. చదువుతూ నేను తడబడితే, “నీ బుర్రా ముడిపడిపోనాది, ఇలా రా, దువ్వుతాను” అని నవ్వేది.

మామ్మని ఖననం చేసి సమాధుల తోట నుంచి వచ్చి అందరం తలస్నానాలు చేశాం. మైల ఉండకూడదని అమ్మ కుక్క మీద కూడా బకెట్టెడు నీళ్ళు కుమ్మరించింది. “దువ్వకుండా తడపకే, ముడి బిగిసిపోద్ది” అని మామ్మ ఎప్పుడూ చెప్పేది. నేను పరుగెత్తేసరికే ఆలస్యమైంది. ఆరాక బొచ్చంతా గట్టి ఉండలు కట్టింది.

మా ఇంట్లో అది దువ్వనివ్వదు. మామ్మ చాప మీదైతేనే పడుకుంటుంది. రోజూ సాయంత్రం అక్కడే కూర్చుని కొంచెం కొంచెంగా విప్పాను. ఎడమ చంకలోని ముడిని మాత్రం ముట్టనివ్వలేదు, పళ్ళు చూపించింది. మొన్న చూస్తే అక్కడ ముడి లేదు. కత్తిరించిన గుర్తూ లేదు. తోలు కనపడేలా దువ్వి ఉంది.

“అమ్మా, నువ్వు దువ్వినావా?”

“నానా? ఆ వరండాలోకి నానెల్తానేటి! సైరన్ మోగితే అది ఎవుల్నో సూసినట్టు తోకాడిస్తాది. నువ్వెల్లిపోతే దాన్ని నా దగ్గర ఒగ్గీకే. మామ్మ మంచిదే గానీ, నాకు బయమే.”

అమ్మ భయాన్ని నేను తీసిపారేయలేను. నిన్న సైరన్ మోగాక కొంచెం ఆలస్యంగా వెళ్ళాను. కుక్క అప్పటికే చాప మీద ఉంది. ఎడమ ముందు కాలు గాల్లోకి ఎత్తి ఉంది, వణక్కుండా, ఎవరో పట్టుకున్నట్టు. నేను గడప దగ్గరే ఆగిపోయాను. చాప మీద రెండుసార్లు తట్టిన చప్పుడు వినిపించింది. కుక్క రెండో పక్కకి తిరిగింది.

ఇది తెలిసి కూడా రోజూ దాని పక్కన కూర్చోగలిగినవాళ్ళు మన పేటలో ఉంటే, ఈ నెల ఇరవై అయిదో తేదీలోగా నాకు జవాబు చెప్పండి. దువ్వడం నేను నేర్పుతాను. చాప ఇంకా పరిచే ఉంది.